పటాలపు మోటారు సైకిలు



ముప్పదియారేండ్లు పిల్లలకు శబ్దములును, సంధులును, ఛందస్సును చెప్పి 2018లో విశ్రాంతి వహించిన తెలుగు పండితుడను నేను. అట్టివాడు మోటారు సైకిలును గూర్చి ప్రసంగింపబూనుట వింతగా తోచవచ్చును. మా ఇంటిలోనివారికిని అట్లే తోచినది. కాని నిరుడు మూడు మాసముల పాటు నన్ను వేధించిన సమస్య అదియే గనుక దానిని గూర్చియే మాటలాడుట మేలని తలచితిని. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు సైన్యము కొరకు నిర్మింపబడి, నేటివరకు జీర్ణోద్ధరణ మెరుగని మోటారు సైకిలొకటి మా పేటలో అమ్మకమునకు వచ్చినది. దానిని కొనవలెనా, మానవలెనా? ఇంతమాత్రమే ప్రశ్న.

మా ఊరు కాకినాడకు చేరువనున్న చిన్న పట్టణము. నాకేడెనిమిదేండ్ల ప్రాయమున, అనగా 1966 ప్రాంతమున, మా తండ్రిగారు తెల్లవారక మునుపే నన్ను లేపి, వీధియరుగుపై కూర్చుండబెట్టి అమరకోశము వల్లెవేయించెడివారు. సరిగా ఆరుగంటలకు వీధి మొగను ఒక చప్పుడు బయలుదేరెడిది. డుబ్, డుబ్, డుబ్ అని, నడుమ నడుమ తీరికగా ఊపిరి పీల్చుకొనుచున్నట్లు. బియ్యపుమర ఇంజను మేస్త్రీగారు పనికి పోవుచున్నారన్నమాట. ఆ బండి మా అరుగు దాటునప్పటికి నేను శ్లోకములో నెక్కడనో తప్పిపోయెడివాడను. నెత్తిపై మొట్టికాయ పడెడిది. అట్లెన్ని తింటినో లెక్కలేదు గాని ఆ చప్పుడుపై మాత్రము నాకెన్నడును కోపము రాలేదు.

మేస్త్రీగారు పోయిరి. వారి కుమారుడు ఆ బండిని 1987 వరకు నడిపి, పిమ్మట పెరటి కొట్టములో నిలిపివైచి స్కూటరు కొనుక్కొనెను. ఆయనయు 2021లో కాలధర్మము నొందెను. ఆయన కుమారుడు నా శిష్యుడు, హైదరాబాదులో ఉద్యోగము. నిరుడు కార్తికమాసమున ఆ ఇల్లాలు నాకు కబురు పంపినది.

"మాస్టారూ, మావాడు ఇల్లు బాగుచేయిస్తానంటున్నాడు. కొట్టం పడగొట్టాలి. ఆ బండి గురించి మీరు ఆయన్ని ఎప్పుడూ అడిగేవారు కదా. పాత ఇనుము కొనేవాడు ఐదువేలిస్తానన్నాడు. మీకు కావాలంటే అంతకే తీసుకోండి" అని ఆమె యనెను.

కొట్టము తలుపు తీయగానే రెండు కోళ్లు రెక్కలు కొట్టుకొనుచు పైకెగిరినవి. అందొక కోడి బండి జీనుపై గుడ్లు పొదుగుచుండెను. జీను క్రింది స్ప్రింగులు రెండును దాని బరువునకు కదలుచుండెను. టైర్లు నేలకంటి చీలిపోయినవి. పెట్రోలు తొట్టిపై తలుపులకు వేయు ఆకుపచ్చరంగు మందముగా వేయబడియున్నది. ముందు దీపమునకు అద్దము లేదు. ఆ స్థితిలో దానిని చూచి పరుగెత్తుకొని కొనవలెనని తోచుటకు కారణమేమియు లేదు. అయినను నాకు తోచినది. అట్లు తోచుటయే ప్రమాదమని ఎరిగి, వారమురోజులు గడువడిగి ఇంటికి వచ్చితిని.

ఇంతకును ఆ బండి యెట్టిదో చెప్పవలెను. దాని పేరు బి.ఎస్.ఏ. ఎం.20. ఇంగ్లండులో బర్మింగ్‌హాము నగరమున స్మాల్ హీత్ అను పేటలో తుపాకులు చేయుటతో మొదలైన సంస్థవారు దీనిని చేసిరి. అందుచేతనే వారి ముద్రలో మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలిపియుండును. వాల్ పేజ్ అను నిర్మాణశిల్పి రూపొందింపగా ఇది 1937లో విపణికి వచ్చినది. సిలిండరు ఒక్కటే. దాని వ్యాసము 82 మిల్లీమీటర్లు, పిస్టను కదలు దూరము 94. పరిమాణము 496 ఘన సెంటీమీటర్లు. కవాటములు నేటి ఇంజనులందువలె తలమీద గాక ప్రక్కనుండును. ఆ హేతువుచేత బలము తక్కువ, పదుమూడు గుర్రముల శక్తి మాత్రమే. బరువా, నూట అరువది కిలోలకు పైమాట. వెనుక చక్రమునకు స్ప్రింగులు లేవు. గతుకు వచ్చినచో ఆ జీనే దిక్కు.

యుద్ధకాలమున ఇట్టివి సుమారు 1,26,000 తయారైనవి. 1940 నవంబరు 19వ తేది రాత్రి జర్మను విమానములు ఆ కర్మాగారముపై బాంబులు వేయగా 53 మంది పనివారు మరణించిరి. అయినను పని ఆగలేదు. వైర్‌లెస్సు పనిచేయనిచోట ఉత్తరములు మోయుటకును, బారులు తీరిన లారీలకు ముందువెనుకల దారిచూపుటకును ఈ బండ్లను వాడిరి. బరువనియు, మందగమనమనియు సైనికులు తిట్టుకొన్నమాటయు నిజమే. ముందు చక్రమునకు నూనెతో పనిచేయు మెత్తని ఫోర్కులుగల మాచ్‌లెస్ బండి దొరకినవాడు అదృష్టవంతుడని వారి తలంపు. కాని ఇంధనము నాసిదైనను సహించి, చెడినచో చెట్టుక్రింద కూర్చుండి నాలుగు పానాలతో బాగుచేసికొనదగిన బండి ఇదియే. ఇట్టి సరళత నేటి వాహనములలో మచ్చునకైన లేదు. నా మనుమని స్కూటరు చెడినప్పుడు దానిని ముందుగా కంప్యూటరునకు చూపవలసి వచ్చినది.

యుద్ధము ముగిసిన పిదప మిగిలిన సామగ్రిని ప్రభుత్వమువారు వేలము వేసిరి. మేస్త్రీగారు 1947లో మద్రాసులో వేలమునందు దీనిని కొని తెచ్చిరని వారి ఇంటిలో చెప్పుకొనుట. తర్కము చదువుకొన్నవాడనగుటచే నేను దీనిని శబ్దప్రమాణముగా నుంచితిని. ఆప్తుల మాటయైనను తక్కిన ప్రమాణములతో సరిచూడక గ్రహింపరాదుగదా. కావున మా బజారులోని వృద్ధుడైన మెకానికు సాహెబుగారిని వెంటబెట్టుకొని రెండవసారి పోయితిని. ఆయనకు డెబ్బదియేండ్లు దాటినవి. ఆయన తండ్రియు ఇట్టి బండ్లనే బాగుచేసినవాడు.

ముందుగా కంటికి కనబడు విషయము. చట్రముపైనను, ఇంజనుపైనను మట్టి తుడిచి చూడగా రెంటను డబ్ల్యు.ఎం.20 అను అక్షరములు అచ్చుగ్రుద్ది కనబడినవి. మొదటి అక్షరము యుద్ధశాఖకు గుర్తు. అనగా ఇది పటాలపు బండియే. పౌరులకు చేసినదానికి పచ్చరంగు పూసినది కాదు. అయితే అక్షరముల వెనుకనున్న సంఖ్యలు రెండును వేరుగా నుండెను. నా గుండె జారినది. ఒకరి తల మరొకరి మొండెమునకు అతికినారా యని సాహెబుగారినడిగితిని.

ఆయన నవ్వి, "పటాలంలో ఇంజను పాడైతే అక్కడే బాగుచేస్తూ కూర్చోరు పంతులుగారూ. బాగుచేసి పెట్టుకున్న ఇంకొక ఇంజను ఎక్కించి పంపేస్తారు. ఈ బండికి రెండు నంబర్లుంటే అది యుద్ధం చూసిందనే అనుకోవాలి" అనెను.

ఆ మాట నాకు నచ్చినది. పాఠాంతరము దోషము గాదు, అదియును చరిత్రయేనని వ్రాతప్రతులు పరిష్కరించునప్పుడు మా గురువుగారు చెప్పెడివారు.

పిమ్మట చేతిపిడులు చూచితిమి. కుడిపిడి ఏదో మోపెడు నుండి తెచ్చి తొడిగిన రబ్బరు. ఎడమపిడి మాత్రము ముతక కాన్వాసు గుడ్డ చుట్టినది. నూనెయు, చెమటయు పట్టి తోలువలె బిగిసినది. పాదములుంచు మెట్లు గూడ రబ్బరు లేని వట్టి లోహము. ఇది ఎవరో చేసిన పల్లెటూరి మరమ్మతని నేననుకొంటిని. కాదు. 1942లో మలయా తోటలు చేజారుటతో బ్రిటిషువారికి రబ్బరు కరవై, బండ్లకు అత్యవసరముగాని చోట్లనెల్ల రబ్బరు మానివేసిరి. ఆ గుడ్డపిడి కర్మాగారమునుండియే అట్లు వచ్చినది. అనగా ఆ గుడ్డముక్క ఒక తేదీపత్రము.

రంగు మరియొక సాక్షి. తలుపులరంగు పెచ్చులూడినచోట దాని క్రింద ముదురు గోధుమవన్నె కనబడినది. పటాలపు బండి యనగా పచ్చగా నుండవలెనుగదా యని మనమనుకొందుము. యుద్ధారంభమున ఖాకీ కలిసిన పచ్చయే వేసిరి. కాని పచ్చరంగునకు కావలసిన క్రోమియపు ద్రవ్యము చాలకపోవుటచే నడుమ కొంతకాలము గోధుమవన్నె వాడి, 1944లో మరల పచ్చకు మరలిరి. తొట్టి ప్రక్కన తడిగుడ్డతో మెల్లగా తుడువగా, తలుపులరంగు పలుచబడినచోట తెల్లని 'సి' అను అక్షరమును, దానివెంట నాలుగంకెలును నీడవలె తేలినవి. తక్కిన అంకెలు లేవు. సైన్యమువారి పట్టికలో మోటారు సైకిళ్లకు పెట్టు గుర్తు ఆ అక్షరము.

పటాలపు కార్ఖానాలో బండిని విప్పి మరల రంగువేయుటయు కలదు గనుక, రంగును బట్టి మాత్రమే పుట్టిన యేడు నిర్ణయింపరాదు. కాని గుడ్డపిడియు, గోధుమరంగును కలిసి 1942 వైపునకే వ్రేలు చూపుచుండెను. ఆ యేడు ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినది. ఏప్రిలు 6న జపాను విమానములు మన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. అప్పటికి మా అమ్మ ఆరేండ్ల పిల్ల. బిందెలును, పరుపుచుట్టలును ఎడ్లబండిలో వేసికొని తామందరును తీరమునుండి లోపలి పల్లెకు తరలిపోయిన రాత్రిని ఆమె కడవరకు చెప్పుచుండెడిది. పిల్లియొకటి బండి దిగి వెనుకకు పరుగెత్తిపోయినదట. ఆమెకు బాంబుకంటె ఆ పిల్లిమీదనే బెంగ. ఈ మోటారు సైకిలు ఆనాడు మా తీరముననుండెనని నేననజాలను, ఆధారము లేదు. కాని మలయాలో జరిగిన యే ఓటమి వలన దీని పిడికి గుడ్డ చుట్టిరో, ఆ ఓటమి వెంబడినే మా అమ్మ ఎడ్లబండి యెక్కినది. ఆ పిడిని చేత పట్టుకొన్న తరువాత నాకు ఐదువేల రూపాయలకు దొరకు ఇనుమను భావము పోయినది.

ఈ పరీక్ష జరుగుచుండగా ఇంటి ఇల్లాలు లోపల పెట్టెలన్నియు వెదకుచుండెను. ఏమని అడుగగా, "తాళంచెవి మాస్టారూ. రెండురోజులనుంచి వెతుకుతున్నాను. ఎక్కడ పెట్టారో" అనెను. ఈ బండికి తాళపుచెవి అనునది పుట్టుకతోనే లేదనియు, మాగ్నెటో తనంతట తానే నిప్పు పుట్టించుననియు, కాలితో తన్నిన ఎవ్వడైన నడుపవచ్చుననియు సాహెబుగారు చెప్పిరి. ఆమె ఆ మాట నమ్ముటకు కొంతసేపు పట్టినది. అయితే ఆ వెదకుటలో ఒక మేలు జరిగినది. తాళపుచెవికి బదులు మేస్త్రీగారి పేరిటనున్న పాత రిజిస్ట్రేషను పుస్తకము దొరకినది. అంచులు చెదలు తినినను సంఖ్యలు నిలిచియున్నవి. కొనుట తేలికయగునో, కష్టమగునో తేల్చునది ఇనుముకంటె ఆ కాగితమే. ఇట్టి బండిని కొనదలచినవారు ముందు పుస్తకమడిగి, తరువాత బండిని చూచుట మంచిది. నేను తలక్రిందులుగా చేసితిని, దైవము కాపాడినది.

ఇక నగరమునుండి ఒక వర్తకుడు. పాతబండ్లు కొని, మెరుగుపెట్టి ధనవంతులకు అమ్ముట ఆయన వ్యాపారము. నేను నలుగురిని వాకబు చేయుట ఆయన చెవిని పడినది. ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చి, కాఫీ త్రాగి, మెల్లగా విషయమునకు దిగెను. "మాస్టారూ, ఆవిడ మిమ్మల్ని నమ్ముతుంది. మీరు తీసుకుని నాకివ్వండి. మీ చేతిలో లక్ష పెడతాను. మూడు నెలల్లో దాన్ని పెళ్లికొడుకును చేస్తాను. నల్లరంగు, బంగారు గీత, క్రోమియం మెరుగు. అది ఇదేనంటే మీరే నమ్మరు" అనెను.

తొంబదియైదువేల లాభము. నేను సన్న్యాసిని గాను. మా మేడపై వానకు కారుచున్న కప్పు మరమ్మతునకని కూడబెట్టిన లక్షన్నర తప్ప నాకు వేరు నిలువ లేదు. ఆ రాత్రి లెక్కలు వేయలేదనినచో అబద్ధమగును. వేసితిని. రెండుమారులు వేసితిని. అయితే నన్ను అడ్డగించినది ధర్మశాస్త్రముకంటె ముందుగా ఆయన కడపటి మాట. అది ఇదేనంటే నమ్మరాదట!

జీర్ణోద్ధరణమనగా మనవారికి దేవాలయముల మూలమున తెలిసినదే. నేను చదువుకొను దినములలో మా గురువుగారు ఒక పల్లెలోని శివాలయమునకు తీసికొనిపోయి, ముఖమండపపు స్తంభముమీది శాసనమును వ్రేలితో తడవి చదువుట నేర్పిరి. చీకటిలో, దీపము ప్రక్కగా పట్టి, అక్షరపు లోతు నీడను చూచి చదువవలెను. నాలుగు పంక్తులకు ఒక పగలు పట్టినది. 1998లో నేను నా శిష్యులను వెంటబెట్టుకొని మరల పోయితిని. గుడి మిలమిల మెరయుచున్నది. భక్తులు చందాలిచ్చి జీర్ణోద్ధరణము చేయించినారు. స్తంభమునకు సిమెంటు మెత్తి, దానిపై పచ్చరంగు వేసి, పంక్తులున్నచోట దాతల పేర్లు వ్రాసిరి. ఎవరిని తప్పుపట్టగలము? వారు భక్తితోనే చేసిరి. పిల్లలకు నేనేమి చూపుదును? రంగును చూపి, దీనివెనుక అక్షరములున్నవర్రా యని చెప్పి తీసికొనివచ్చితిని.

వర్తకుడు చెప్పిన నల్లరంగును, బంగారు గీతయు నాకట్లే తోచినవి. ఆ మెరుగు వేయవలెననిన మొదట ఇసుక పిచికారీతో పాతరంగునంతయు ఇనుముదాక తోమవలెను. తలుపులరంగుతోబాటు గోధుమవన్నెయు, దానితోబాటు తెల్లని 'సి'యు, నాలుగంకెలును పోవును. గుడ్డపిడి చెత్తబుట్టలో పడును. నడచు బండి మిగులును, సాక్ష్యము మిగులదు. కొత్తవలె చేసిన ఎం.20లు లోకమున అనేకములున్నవి. విప్పని రంగుతో నిలిచినవి ఏడాదికేడాదికి తగ్గుచున్నవి. ఒకసారి తోమిన తరువాత దానిని మరల తోమనిదానిగా ఏ మెకానికును చేయజాలడు.

మరునాడు ఆ ఇల్లాలి ఇంటికి పోయి, వర్తకుని మాట యథాతథముగా చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "అయితే మాస్టారూ, మీరు ఇక కొనరన్నమాట" అనెను. నేను ఐదువేలకు కొననంటిని. హైదరాబాదులోని కుమారునకు ఫోను చేసితిమి. అతడు, "ధర మీరే చెప్పండి సార్, మీ మాటే మాకు మాట" అనెను. శిష్యుని భక్తికి సంతోషించితిని గాని, కొనువాడే ధర చెప్పుట తీర్పరి తన వ్యాజ్యెము తానే వినుట వంటిది. కావున సాహెబుగారిని, విశాఖపట్టణములో పాతబండ్లు పోగుచేయు నొక పెద్దమనిషిని వేర్వేరుగా అడిగించితిమి. వారి మాటలనుబట్టి 1,30,000 అని వారే నిర్ణయించిరి. నేను బేరమాడలేదు. నా కడుపు మాత్రము కొంచెము చల్లబడినది.

అప్పుడు అసలు చిక్కు మొదలైనది. అన్యాయము చేయకుండ కొనుట యెట్లో తెలిసినది. అసలు కొనుట యెందులకు?

మా ఇల్లాలి ప్రశ్న సూటిగా నుండెను. "మెట్లెక్కితే మోకాళ్లంటారు. ఆ బండిని తన్నేదెవరు?" దీనికి నావద్ద నున్న సమాధానము చిన్నది. ఎడమచేతిప్రక్కన ఒక చిన్న మీట యున్నది. అది పట్టినచో కవాటము తెరచుకొని ఇంజనులోని ఒత్తిడి పోవును, తన్నుట తేలికయగును. ఆమె ఆ మీటవంక చూచి, నా మోకాళ్లవంక చూచి, ఊరకుండెను. కుమారుడు మరియొకటి అడిగెను: "నాన్నగారూ, మీ తరువాత దీన్ని నేనేం చేయాలి?" దీనికి వెంటనే సమాధానము లేకపోయినది. మూడు మాసములలో చాలభాగము ఈ ప్రశ్నకే పోయినది.

నడుమ చట్టమొకటి. 2021లో కేంద్రప్రభుత్వమువారు ప్రాచీన వాహనములకు వేరు నిబంధనలు చేసిరి. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాబదియేండ్లు దాటిన మోటారు సైకిళ్లును, కార్లును ఇందులోనికి వచ్చును. కొత్తగా నమోదు చేయుటకు రుసుము 20,000 రూపాయలు, పదేండ్లు చెల్లును, పిమ్మటి నమోదునకు 5,000. పూర్వము నమోదైన బండి తన పాతసంఖ్యనే యుంచుకొనవచ్చును. అయితే దినదినము బజారుకు పోవుటకు వీలులేదు. ప్రదర్శనలకును, పాతబండ్ల యాత్రలకును, ఇంధనము పోయించుటకును, మరమ్మతునకును మాత్రమే రోడ్డెక్కవలెను. నాకు ప్రీతి కలిగించిన షరతు వేరొకటి. చట్రమును, ఇంజనును, బాహ్యస్వరూపమును గణనీయముగా మార్చకుండ మూలరూపమున నుంచవలెనట. శాసనకర్తలు మా శివాలయము చూచియుండరు గాని, చూచినవారివలె వ్రాసిరి.

ఇక్కడనొక మాట. మరమ్మతు చేయనిదానిని ప్రేమించుటయనగా తుప్పును ప్రేమించుటగాదు. మాది సముద్రపు గాలి. అట్లే వదలినచో పదేండ్లలో ఆ అక్షరము గూడ రాలిపోవును. కావున ఏది మార్చవచ్చును, ఏది తాకరాదు అను విభాగము నేనును, సాహెబుగారును కూర్చుండి చేసితిమి. టైర్లు, ట్యూబులు, నూనె, బ్రేకు పట్టీలు, పెట్రోలు గొట్టము, ఇవి స్వభావముచేతనే అరిగిపోవునవి; సైన్యములోను మార్చినవే. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. అది తేమను పీల్చి తొట్టి లోపలిభాగమును, పాతరబ్బరును తినివేయును గనుక ఆ గొట్టము క్రొత్తది వేయక తప్పదు, నిలిపియుంచునప్పుడు తొట్టి ఖాళీ చేయకయు తప్పదు. రంగు, సొట్టలు, గుడ్డపిడి, మెట్లు, సంఖ్యలు, ఇవి తాకరావు. తలుపులరంగు మాట వచ్చినప్పుడు మాకు వివాదము పుట్టినది. అది ప్రక్షిప్తము, తీసివేయవలెనని నేననంటిని. సాహెబుగారు ఒప్పుకొనలేదు. "అది ఆవిడ మొగుడు వేసిన రంగు పంతులుగారూ. వాళ్ల పెళ్లినాడు తలుపులకు వేయగా మిగిలింది వేశాడట" అనెను. నేను వాదము మానితిని. ఆ రంగు నేటికిని దానిపై నున్నది.

ఇంజను కదలునో లేదో తెలియక డబ్బు చెల్లింపరాదని ఆయన పట్టు. స్పార్కుప్లగ్గు తీసి, కిరసనాయిలును ఇంజను నూనెను కలిపి లోపల పోసి, తొమ్మిది దినములు వేచితిమి. పదవనాడు ఆయన మీట పట్టి కాలితో మెల్లగా నొక్కగా ఏదో నిట్టూర్చినట్లయి పిస్టను కదలినది. నూనెతొట్టిలోని నూనెయంతయు ఏండ్లతరబడి ఇంజను అడుగునకు జారి తారువలె గట్టిపడియున్నది. ఈ జాతి బండ్లకు నిలిచియుండగా నూనె క్రిందికి దిగుట సహజమట. అది కడుగక తన్నినచో చేటు. మాగ్నెటోను విప్పి మొనలు తుడిచి త్రిప్పగా సన్నని నీలపు నిప్పురవ్వ వచ్చినది. ముప్పదియెనిమిదేండ్ల తరువాత! నేను చేయి పెట్టి చూచి దెబ్బ తింటిని. మొట్టికాయ జ్ఞాపకము వచ్చినది.

ఆ రాత్రియే కుమారుని ప్రశ్నకు సమాధానము తోచినది. రెండువందల పుటల పుస్తకము నొకదానిని తెచ్చి, ఆ బండిపైనున్న ప్రతి గుర్తును, అది ఎక్కడనున్నదో, దేనివలన వచ్చినదని తలచుచున్నామో, ఏది నిశ్చయము, ఏది ఊహ, అంతయు విడదీసి వ్రాయనారంభించితిని. విప్పిన ప్రతి మరయు పేరు కట్టి పెట్టెలోనుంచవలెను. నా తరువాత వాడు దానిని అమ్ముకొనవచ్చును, అది వాని ఇష్టము. కాని కొనువాడు తానేమి తోమివేయబోవుచున్నాడో చదివిన తరువాతనే తోమవలెను. నేను చేయగల పని అది. మోకాళ్లతో దానికి పని లేదు. మోటారు సైకిలు నడుపుట రాని నేను దానిని కొనవలసిన కారణము నాకప్పుడు దొరకినది. మాఘమాసమున డబ్బు చెల్లించితిని. మేడకప్పు మరియొక వానకాలము కారినది. మా ఇల్లాలు బకెట్లు పెట్టి ఊరకుండెను, ఆ ఊరకుండుట నాకింకను బాకీయే.

వారసుల సంతకములకై శిష్యుడు రెండుమారులు వచ్చెను. మేస్త్రీగారి కుమార్తె తణుకులోనున్నది. ఆమెయు ఒప్పుకొని సంతకము పెట్టినది. కార్యాలయములో కాగితములు నడచుచున్నవి.

బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించునాడు ఆ ఇల్లాలు వచ్చి, "మాస్టారూ, ఒక్కసారి చప్పుడు వినిపించి తీసుకెళ్లరూ" అని యడిగెను. అప్పటికి ఇంజను అడుగు కడుగుట కాలేదు. కాదనవలసి వచ్చినది. నడచిననాడు తప్పక కబురు చేయుదునని మాట యిచ్చితిని.

వైశాఖమున నొక ఉదయము సాహెబుగారు ఏడవ తన్నునకు దానిని లేపిరి. మా వసారా అంతయు నీలపు పొగ. ఆమెకు కబురు పంపగా వంటపని విడిచి చేయి తుడుచుకొనుచు వచ్చి గేటుకడనే నిలిచినది. లోపలికి రమ్మన్నను రాలేదు. తల కొంచెము వంచి చాలసేపు వినెను.

"ఇంత జోరు కాదు మాస్టారూ. ఆయన కాస్త నెమ్మదిగా పెట్టేవారు" అనెను.

సాహెబుగారు వంగి కార్బురేటరు మరను అరచుట్టు వదులు చేసిరి.